చర్చ: మహారాష్ట్ర బాండు కొంటే ఆ డబ్బు మన రోడ్డుకి వస్తుందా?

సిరొంచ రోడ్డు: మంగళవారం ఆర్‌బీఐ వేలంలో మహారాష్ట్ర ఎస్‌డీఎల్ (రాష్ట్ర ప్రభుత్వం అప్పు కోసం అమ్మే బాండు) కొనాలని ఇక్కడ చాలామంది అడుగుతున్నారు. ఆ డబ్బు మా గడ్చిరోలి జిల్లా సిరొంచ–ఆలాపల్లి రోడ్డుకి చేరుతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బరంపురం లెక్కలు: ఆ రోడ్డుకి చేరదండీ. అది 353సీ జాతీయ రహదారి, ఖర్చు కేంద్రానిది. రాష్ట్ర రోడ్డే అనుకున్నా, ఎస్‌డీఎల్ మీద ఏ రోడ్డు పేరూ రాసి ఉండదు. వచ్చిన సొమ్ము రాష్ట్ర సంచిత నిధిలో, అంటే ప్రభుత్వ ఉమ్మడి ఖజానాలో పడి పన్నుల డబ్బుతో కలిసిపోతుంది. కాబట్టి బాండు వెంట పడకుండా బడ్జెట్‌లో 5054 పద్దు తీయండి. కొత్త రోడ్లు, వంతెనలు, వెడల్పు పనులు అందులోనే. గుంతలు పూడ్చేది 3054, అది రెవెన్యూ (రోజువారీ ఖర్చుల) పద్దు. కేటాయింపు చూసి మురిసిపోవద్దు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చే ఫైనాన్స్ అకౌంట్స్‌లో అసలు ఎంత ఖర్చయిందో ఉంటుంది, నమ్మాల్సింది ఆ అంకెనే.

కిన్వట్ ఇంజనీరు: గడువు సంగతి కూడా చూడాలి. 100 కోట్లు 7.5 శాతానికి పదేళ్లకి తెస్తే ఆరు నెలలకోసారి 3.75 కోట్ల వడ్డీ. పదేళ్లకి వడ్డీయే 75 కోట్లు, అసలు మొత్తం చివర్లో ఒక్కసారే కట్టాలి. ఆ పదేళ్లూ రోడ్డు నిలబడాలి కదా! మా నాందేడ్ వైపు నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. కింద మంచి మొరం, కంకర పొర వేసి రోలింగ్ సరిగా చేయకుండా పైన డాంబరు మందం ఎంత పెంచినా అంచుల నుంచి విరుగుతుంది. పక్క కాలువ లేకపోతే ఇంకా తొందరగా. ఎస్టిమేట్లలో ముందు కోత పడేది ఆ కాలువకే, ఇది చాలా అన్యాయం. రోడ్డు పోయాక కూడా వడ్డీ జనమే కట్టాలి.

రాయగడ వంతెన: ఒడిశా మార్కెట్ అప్పులు మహారాష్ట్రతో పోలిస్తే చాలా తక్కువ. మా దగ్గర పల్లె రోడ్లు, వంతెనల విషయంలో చూడాల్సింది నాబార్డ్ ఆర్‌ఐడీఎఫ్, అంటే పల్లెల్లో పనులకి రాష్ట్రాలకి అప్పిచ్చే నిధి. 1995-96 నుంచి ఉంది. ఇందులో పని పేరుతోనే మంజూరు ఉంటుంది కాబట్టి ఫలానా వంతెనకి ఎంత వచ్చిందో అడగొచ్చు. తీర్చడానికి ఏడేళ్లు, అందులో మొదటి రెండేళ్లు అసలు కట్టక్కర్లేదు. కొంత అడ్వాన్సు పోను మిగతాది ఖర్చు చూపించాకే వస్తుంది. అటవీ అనుమతి రాకుండా, భూమి చేతికి రాకుండా టెండరు పిలిస్తే బిల్లులుండవు, విడుదలా ఉండదు. కొండల్లో పనులు ఆగేది ఎక్కువగా ఇక్కడే. ఒక మేలు, వడ్డీ తీసుకున్న సొమ్ముకే. ఎస్‌డీఎల్‌కి అలా కాదు, పని మొదలవకపోయినా వడ్డీ నడుస్తుంది.

సిరొంచ రోడ్డు: మరి కొనేవాళ్లు ఏం చేయాలండీ?

చంద్రపూర్ పొదుపు: ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ (మామూలు జనం ప్రభుత్వ బాండ్లు నేరుగా కొనే ఆన్‌లైన్ పోర్టల్)లో ఖాతా ఉచితం. పాన్, ఆధార్, సేవింగ్స్ ఖాతా, మొబైల్, ఈమెయిల్ చాలు. కనీసం 10,000 రూపాయలు. నాన్-కాంపిటీటివ్ బిడ్ వేస్తే రేటు మీరు చెప్పక్కర్లేదు, వేలంలో తేలిన సగటు ధరకి ఇస్తారు. డబ్బు సోమవారమే కట్టేయండి, మిగిలింది వెనక్కి వస్తుంది. 7.4 శాతమైతే పదివేలకి ఆరు నెలలకి 370. ఈ వడ్డీ మీ ఆదాయంలో కలిపి పన్ను కట్టాలి.

సరిహద్దులో కేవైసీ ఆగేది పేర్ల దగ్గర. ఆధార్‌లో మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు; పాన్‌లో ముందు ఇంటిపేరు, అదీ పొడి అక్షరం. ముందు రెండూ ఒకటి చేయించుకుని అప్పుడు దరఖాస్తు పెట్టండి.

బరంపురం లెక్కలు: ఒకటి కలుపుతా. మధ్యలో అమ్మడం కష్టం, చిన్న మొత్తాలకి కొనేవాళ్లు దొరకరు. రేట్లు ఒక శాతం పెరిగితే పదేళ్ల బాండు ధర ఆరేడు శాతం పడుతుంది. పిల్ల పెళ్లికి, చదువుకి దాచిన డబ్బు ఇందులో పెట్టకండి.