అప్‌డేట్: నెల్లూరులో పాపకు పియానో టీచర్ కుదిరారు

ఎనిమిదేళ్ల పాపకు పియానో టీచర్ని ఎలా ఎంచుకోవాలి, 61 కీల కీబోర్డు సరిపోతుందా అని అడిగాను కదా. మాగుంట లేఅవుట్ వైపు ఒక మేడం దగ్గర చేర్పించాం. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

టీచర్ ఎవరన్నది తేల్చింది ట్రయల్ క్లాసే. మేడం ముందు స్టూలు ఎత్తు సరిచేశారు: మోచేతులు కీల మట్టానికి రావాలి, పాదాలు వేలాడకూడదు, అందకపోతే కింద పీట వేయాలి. తర్వాత వేళ్ల నంబర్లు. రెండు చేతులకూ బొటనవేలే 1, చిటికెనవేలు 5. కీల మీద అక్షరాల స్టిక్కర్లు వద్దన్నారు. వాటికి అలవాటుపడితే పిల్లలు నొటేషన్ (కాగితం మీది స్వరలిపి) చూడడం మానేస్తారు. ఎడమచేతి పనంతా కీబోర్డు తనంతట తానే వాయించే ఆటో రిథమ్‌కు వదిలేసే క్లాసులను మేం పక్కన పెట్టాం, ఆ చెయ్యి ఎప్పటికీ ఎదగదు.

88 వెయిటెడ్ కీల (అసలు పియానోలా బరువుగా నొక్కుడుపడే కీల) డిజిటల్ పియానో, స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ తీసుకున్నాం. తేలిక కీల మీద మెల్లగా, గట్టిగా నొక్కడంలో తేడా పట్టుబడదు. మన సముద్రపు తేమకు అసలు పియానోలో చెక్క ఉబ్బి శృతి మారుతుంది. డిజిటల్‌కు ఆ బెడద లేదు.

ట్రినిటీ గ్రేడ్లు (లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షలు) రాయించాలనుకునేవాళ్లు టీచర్ని ముందే అడగండి, పియానోకూ ఎలక్ట్రానిక్ కీబోర్డుకూ సిలబస్ వేరు. సాధన రోజూ 15 నిమిషాలు: ఒక్కో చెయ్యి విడిగా, కుదిరాకే రెండూ కలిపి, మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద.