రిటైరయ్యాక బరంపురం ఊళ్ళోనా, గోపాల్‌పూర్ రోడ్డులోనా?

మధ్యాహ్నం_కునుకు:
వచ్చే మార్చిలో రిటైర్మెంటు. నాకు అరవై, మా ఆవిడకి యాభై ఏడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పిల్లలు హైదరాబాదులో. రెండు బేరాలున్నాయి: గాంధీనగర్ వైపు మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, భంజవిహార్ దాటాక గోపాల్‌పూర్ రోడ్డు మీద కొబ్బరిచెట్లు, బోరు ఉన్న చిన్న ఇల్లు. ధర ఇంచుమించు ఒకటే, నలభై లక్షలు. ఏవేం చూసుకోవాలి?

కోర్టుపేట_కుర్రాడు:
మాస్టారూ, ముందు ఆస్పత్రి దూరాన్ని నిమిషాల్లో లెక్కేయండి. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ సి.టి. స్కాను తీశాక. ఆ గడువులో సగం బండి దొరకడానికే పోతుంది. రాత్రి పదిన్నరకి ఆ ఇంటి దగ్గర ఆటో దొరుకుతుందేమో చూసి, ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ దాకా వెళ్ళండి. 108 బండి సందులోకి వచ్చి వెనక్కి తిరగగలదా అన్నదీ చూడాలి.

ఫ్లాటంటే నిశ్చింత అనుకోకండి. చిన్న లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించాల్సిందే. జనరేటరు లిఫ్టుకి కూడా ఉందో, మెట్ల లైట్లకేనో అడగండి. లేకపోతే కరెంటు పోయిన రోజు మీ ఆవిడ మోకాళ్ళకి మూడంతస్తులు.

ఉప్పుగాలి:
గోపాల్‌పూర్ రోడ్డు మీద ఇల్లయితే మూడు విషయాలు.

నీళ్ళు: సముద్రం వైపు పోయేకొద్దీ బోరు ఉప్పుతేలే ప్రమాదం ఎక్కువ. వానాకాలంలో పరీక్షిస్తే బాగానే కనిపిస్తుంది, అదే మోసం. మే నెలలో పట్టిన నీళ్ళకి టి.డి.ఎస్. (నీళ్ళలో కరిగున్న లవణాల లెక్క) చూడండి. తాగడానికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు.

ఇల్లు: స్లాబు అడుగున తుప్పు మరకలు, పెచ్చులూడిన చోట్లు వెతకండి. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటుని తోసేస్తుంది. సున్నం కొత్తగా వేసిన గదిని ఇంకొంచెం అనుమానంగా చూడాలి.

తుపాను: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే. కొబ్బరిచెట్టు ఎత్తెంతో, గోడకి దూరమెంతో కొలవండి. ఎత్తుకన్నా దూరం తక్కువైతే పడేది ఇంటి మీదే కావచ్చు. (చెట్లు చూసే చాలామంది కొంటారు, పాపం.)

కరెంటు పోయినప్పటికి ఇన్వర్టరుకి 150 ఏ.హెచ్. ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకున్నా, వాడుకోడానికి మిగిలేది సుమారు 1200 వాట్ అవర్లు. మామూలు ఫ్యాన్లు రెండు (75 వాట్లవి), తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు వేస్తే ఆరున్నర గంటలు. ఫ్యాన్లు తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బి.ఎల్.డి.సి. రకం అయితే పన్నెండు దాకా లాగుతుంది. బోరు మోటారుని మాత్రం ఇళ్ళల్లో పెట్టే చిన్న ఇన్వర్టరు తిప్పలేదు; ఒక హార్స్‌పవరంటేనే 746 వాట్లు, స్టార్టింగులో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. తుపాను కబురు రాగానే ట్యాంకు నింపుకోవాలి. మనిషికి రోజుకి 135 లీటర్ల లెక్కన వెయ్యి లీటర్లు మీ ఇద్దరికి మూడున్నర రోజులు.

పట్టా_పరీక్ష:
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. పట్టాలో భూమి రకం ‘ఘరబారి’ (ఇంటిస్థలం) అని ఉండాలి. ‘శారద’ అని ఉంటే అది ఇంకా వరిపొలమే. ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఏ కింద పొలాన్ని ఇంటిస్థలంగా మార్పించిన కాగితం అమ్మేవాళ్ళనే తెమ్మనండి. పట్టా ఒడియాలో ఉంటుంది, చదవగలిగినవాళ్ళని పక్కన పెట్టుకోండి. అమ్మేది ఎస్సీ, ఎస్టీలైతే, కొనేది వేరే కులస్థులైతే, సెక్షన్ 22 ప్రకారం రెవెన్యూ అధికారి అనుమతి ముందే రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే ఆ అమ్మకం చెల్లదు. చవకని రాయగడ, కోరాపుట్ వైపు చూసేవాళ్ళకి ఇంకో మాట: అవి షెడ్యూల్డు ప్రాంతాలు, 1956 నాటి రెగ్యులేషన్ 2 వల్ల గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనలేరు.

రిజిస్ట్రేషను మీ ఆవిడ పేరున చేయించండి. స్టాంపు డ్యూటీ మగవాళ్ళకి 5 శాతం, ఆడవాళ్ళకి 4. నలభై లక్షల మీద నలభై వేలు మిగులుతాయి.

మధ్యాహ్నం_కునుకు:
అయితే ఫ్లాటేనంటారా? పెన్షన్ బ్యాంకు కూడా ఊళ్ళోనే ఉంది.

కోర్టుపేట_కుర్రాడు:
బ్యాంకు కోసం ఊళ్ళో ఉండక్కర్లేదండీ. పెన్షనుకి బతికే ఉన్నామని ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్‌లో ఇచ్చేయొచ్చు.

నన్నడిగితే ఆ రెండూ వద్దు. ఊళ్ళోనే కింది అంతస్తు ఇల్లు వెతకండి. గోపాల్‌పూర్ రోడ్డు మీదే మనసుంటే ముందు అక్కడ అద్దెకి దిగండి, ఏప్రిల్ నుంచి నవంబరు దాకా. ఎండాకాలం బోరు, వానాకాలం దారి, అక్టోబరు గాలి అన్నీ కొనకముందే తెలుస్తాయి. ఏ ఇల్లు తీసుకున్నా బాత్రూం తలుపు 80 సెంటీమీటర్లకి తగ్గకుండా చూడండి, తరవాత వాకర్ పట్టాలి. గుమ్మం ఎత్తు 15 సెంటీమీటర్లయితే ర్యాంపు పొడవు 180 కావాలి. పట్టుకునే కడ్డీ టైలు మీద కాదు, ఇటుకలోకి దిగేలా బిగించమనండి. టైలుకి బిగిస్తే బరువు పడ్డప్పుడు ఊడి చేతిలోకి వస్తుంది.