పవర్ స్టీరింగ్ ఆయిల్ కారుతోంది: సీల్ కిట్టా, బాక్సే మార్చాలా?

నల్లమల_ట్రాన్స్‌పోర్ట్
నాది 2009 మోడల్ పది టైర్ల లారీ. పవర్ స్టీరింగ్ ట్యాంకులో ఆయిల్ నిలవట్లేదు. రాత్రి బండి పెడితే తెల్లారేసరికి డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి కిందికి దిగి టైర్లను తిప్పే ఇనుప చెయ్యి) కింద అరచెయ్యంత మడుగు. పోయిన వేసవిలో ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఆ ఆర్మ్‌ను తిప్పే సెక్టర్ షాఫ్ట్ సీలు మార్పించాను. కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. ఇప్పుడు అదే మేస్త్రి స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ గేర్లుండే పెట్టె) మొత్తం మార్చాలంటున్నాడు. సీల్ కిట్టుకు, అంటే రబ్బరు సీళ్ల సెట్టుకు, అయ్యేదానికి పదింతలు చెప్తున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి, ఇంకోసారి కిట్ వేయిస్తే సరిపోదా?

రెంచి_బాబాయ్
ఆయిల్ ఎక్కడ పుడుతోందో చూశాక ఆ మాట తేల్చుకోండి. చుక్క పడే చోటే లీకు అని లేదు. పైన ఎక్కడో ఊరిన ఆయిల్ బాక్సు మీదుగా జారి అట్టడుగున రాలుతుంది. డ్రాప్ ఆర్మ్ అన్నిటికన్నా కింద ఉంటుంది కాబట్టి నేరమంతా దాని మీద పడుతుంది.

ట్యాంకు, పంపు, హోస్ పైపులు, బాక్సు అన్నీ డీజిల్‌తో బ్రష్ పెట్టి కడిగించండి. గాలి కొట్టించి ఆరాక జాయింట్ల చుట్టూ ముఖానికి రాసుకునే పౌడర్ చల్లండి. ఇంజన్ స్లోలో పెట్టి ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు టార్చి వేసి పైనుంచి కిందికి చూడాలి. పౌడర్ మొదట ఎక్కడ తడిస్తే లీకు అక్కడ. బంజో బోల్టు (పైపును బిగించే, మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టు) కింద కాపర్ వాషర్లు, హోస్‌కు చివర నొక్కిన బుష్, పైన స్టీరింగ్ రాడ్డు బాక్సులోకి దిగే చోట ఉండే సీలు, ఇవన్నీ అయ్యాకే డ్రాప్ ఆర్మ్ వంతు. ప్రెషర్ పైపును మాత్రం ఇంజన్ ఆన్‌లో ఉండగా చేత్తో తడమకండి. స్టీరింగ్ తిప్పేటప్పుడు లోపల ప్రెషర్ 100 బార్ దాటొచ్చు. సూదిమొనంత చిల్లు లోంచి వచ్చే ఆయిల్ కూడా చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

ఏటీఎఫ్_రాజు
ఏ ఆయిల్ పోస్తున్నారు? రంగు ఏంటి?

చీమకుర్తి_టిప్పర్
స్టాప్ లీక్ డబ్బా ఒకటి కొట్టండి, పనైపోద్ది.

రెంచి_బాబాయ్
అందులో ఉండేది రబ్బరును మెత్తబరిచి ఉబ్బించే మందు. ఎండి గట్టిపడ్డ సీలైతే కొన్నాళ్లు ఆపుతుంది. చిరిగిన సీలుకు, గీత పడ్డ షాఫ్ట్‌కు దానితో ఒరిగేదేం లేదు.

నల్లమల_ట్రాన్స్‌పోర్ట్
కడిగించడం, పౌడర్ వేయడం అన్నీ అయ్యాయి బాబాయ్. కారుతున్నది డ్రాప్ ఆర్మ్ దగ్గరే, కళ్లారా చూశాను. నేనడిగింది కిట్టా బాక్సా అని. ఆయిల్ రంగు దేనికండీ, పెళ్లిచూపులా?

ఏటీఎఫ్_రాజు
ఎగతాళి చేయండి, పర్లేదు. మా తమ్ముడి బండిలో ఇలాగే కారుతుంటే దారిలో క్లీనర్ చేతికి దొరికిన బ్రేక్ ఆయిల్ పోసేశాడు. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం. స్టీరింగ్ సీళ్లేమో మినరల్ ఆయిల్‌కు సరిపడే రబ్బరు. ఊరికి వచ్చేసరికి సీళ్లన్నీ ఉబ్బి, ఒక్క చోట కారేది నాలుగు చోట్ల కారింది. షెడ్డువాడేమో నాసిరకం కిట్ అని దుకాణం మీదికి తోసేశాడు. అందుకే అడిగాను. కంపెనీ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు చేసిన ఆయిల్) చెప్పిన బండికి ఏటీఎఫే పోయాలి, అది మామూలుగా ఎర్రగా ఉంటుంది. మీ ట్యాంకులో ఉన్నది ఎరుపా కాదా?

నల్లమల_ట్రాన్స్‌పోర్ట్
నల్లగా ఉంది.

ఏటీఎఫ్_రాజు
చూశారా!

రెంచి_బాబాయ్
రాజూ, వాడగా వాడగా ఏటీఎఫ్ కూడా నల్లబడుతుంది. రంగు చూసి ఏ రకమో చెప్పలేం. అయితే నల్లమల గారూ, అంత నల్లబడిందంటే ట్యాంకులో ఫిల్టర్ ఎప్పుడు మార్చారో చూసుకోవాలి. ఫిల్టర్ మూసుకుపోతే రిటర్న్ ఆయిల్‌కు దారి ఉండదు. వెనక్కి పోవాల్సిన ఆయిల్ బాక్సులోనే నిలిచి సీలును బయటికి తోస్తుంది. అలాంటప్పుడు ఎంత మంచి కిట్ వేసినా వృథా.

ఇంకో రెండు కారణాలున్నాయి. సీలు పెదవి ఆనే చోట షాఫ్ట్ మీద గీత పడినా, తుప్పు తిన్నా కొత్త సీలు నిలవదు. షాఫ్ట్ నడిచే బేరింగ్ అరిగి ఊగుతున్నా అంతే. డ్రాప్ ఆర్మ్ పట్టుకుని షాఫ్ట్‌కు అడ్డంగా, పైకీ కిందికీ ఆడించి చూడండి. టక్ టక్ మని కదిలితే మీ మేస్త్రి మాట నిజం, అది బాక్సు పనే. కదలకపోతే కిట్టుతో పోతుంది.

స్టీరింగ్_సీటు
అన్నా, ఒక మాట. ఈ బండి నడిపేదెవరు, మీరా, డ్రైవరా?

నల్లమల_ట్రాన్స్‌పోర్ట్
డ్రైవరే. అసలు సీలు పోవడానికి కారణమూ ఆయనే. లోడింగ్ దగ్గర రివర్స్ చేసేటప్పుడు స్టీరింగ్ ఫుల్‌గా కోసి, అంటే ఒక పక్కకు చివరిదాకా తిప్పి, అట్టే పట్టుకుంటాడు. పంపు కీచుమని అరుస్తున్నా వదలడు. పైగా ట్రిప్పు ట్రిప్పుకూ ఆయిల్ డబ్బా లెక్క రాస్తాడు. అందులో బండిలో పడేదెంతో, బయట పోయేదెంతో దేవుడికే తెలియాలి.

స్టీరింగ్_సీటు
వచ్చింది అసలు మాట. ఆయిల్ ఎటు పోయినా దొంగ డ్రైవరే. నేను ఇంతకుముందు చేసిన ఓనర్ దగ్గరా ఇదే కథ. బయట చుక్క కారకుండా ట్యాంకు ఖాళీ అవుతుంటే నేను అమ్ముకుంటున్నానని బత్తాలో కోసుకున్నాడు. తీరా చూస్తే పంపు ఇంజన్ గేరు మీద నడిచే రకం. లోపలి సీలు పోయి స్టీరింగ్ ఆయిల్ అంతా ఇంజన్ సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగింది. డిప్‌స్టిక్ మీద ఇంజన్ ఆయిల్ పెరుగుతోందని నేనే చూపించాను. కోసిన డబ్బు మాత్రం ఈ రోజుకీ ఇవ్వలేదు.

రెంచి_బాబాయ్
ఆయన చెప్పింది జరిగే పనే. ఇంజన్ గేరు మీద నడిచే పంపు ఉన్నవాళ్లు ఇంజన్ ఆయిల్ లెవెల్ కూడా చూసుకోండి. ఫుల్ కోతలో పట్టుకుని ఉంచడమూ మంచిది కాదు, పంపు రిలీఫ్ ప్రెషర్‌కు, అంటే దాని గరిష్ఠ ప్రెషర్‌కు, వెళ్లి ఆయిల్ మరిగిపోతుంది. చివరిదాకా తిప్పి కొంచెం వదలాలి. కానీ సీలు మాటిమాటికీ పోవడానికి అదొక్కటే కారణం అనలేం.

నల్లమల_ట్రాన్స్‌పోర్ట్
మీరందరూ డ్రైవర్ల పక్షమే అన్నమాట. కిస్తీ కట్టేది నేను. బండి షెడ్డులో ఉన్న రోజు నాకు ఎవరూ కిరాయి ఇవ్వరు. నంద్యాలలో గుంటూరుకు బియ్యం లోడు సిద్ధంగా ఉంది. రెండు డబ్బాలు ఆయిల్ వెంట పెట్టుకుని పోసుకుంటూ వెళ్లమంటే మా డ్రైవర్ ససేమిరా ఎక్కనంటున్నాడు. పవర్ పోతే మాత్రం స్టీరింగ్ తిరగదా? మా నాన్న కాలంలో బళ్లన్నీ పవర్ లేకుండానే ఘాట్లు దిగాయి.

స్టీరింగ్_సీటు
కిట్టా బాక్సా అని మొదలుపెట్టి, డ్రైవర్ని ఎక్కించమని మా చేత చెప్పించుకోవాలని చూస్తున్నారు. నంద్యాల నుంచి గిద్దలూరు మధ్య నంది కనుమ ఉంది. ఎప్పుడైనా లోడుతో మీరు దిగారా అన్నా?

మీ నాన్నగారి కాలం బండికి చక్రం పెద్దది, బాక్సు రేషియో వేరు. ఎక్కువ చుట్లు తిప్పాలి గానీ మనిషి బలానికి సరిపోయేది. పవర్ బండికి బాక్సు ఆయిల్ సాయం ఉంటుందన్న లెక్కతో చేస్తారు. ఆ సాయం పోతే గేరింగ్ ఉంటుంది, తిరుగుతుంది కూడా, కానీ లోడుతో మలుపులో సీటులోంచి లేచి రెండు చేతులతో లాగినా సమయానికి రాదు. ఎదురుగా బస్సు వస్తుంటే అప్పుడు డబ్బా తెరిచి పోయమంటారా?

చీమకుర్తి_టిప్పర్
ఇది మాత్రం నిజం. నాకు ఒకసారి ఖాళీ బండితో యార్డులోనే హోస్ పగిలింది. భుజాలు దిగిపోయాయి.

కొత్తవాడు_22
ఆయిల్ పూర్తిగా అయిపోతే పంపు కూడా పాడవుతుందా?

రెంచి_బాబాయ్
అవుతుంది. పంపుకు గ్రీజూ ఆయిలే, చల్లదనమూ ఆయిలే. ఎండితే లోపల ఆయిల్‌ను తోసే రెక్కలు (వేన్లు) అరిగి ఇనుప పొడి బాక్సులోకి పోతుంది. అప్పుడు కిట్టా బాక్సా అన్న ప్రశ్నే ఉండదు, రెండూ కొనాలి.

నల్లమల_ట్రాన్స్‌పోర్ట్
సరే, లోడు వేరే బండికి ఇప్పించాను. పోయిన కమీషన్ మీరెవరూ ఇవ్వరుగా. డ్రాప్ ఆర్మ్ ఆడించి చూశాం, షాఫ్ట్ కదల్లేదు. కిట్టే వేయిస్తున్నాను. కానీ బండి ఎక్కాలో లేదో డ్రైవర్ చెప్పడం ఏమిటన్నది నాకిప్పటికీ మింగుడుపడట్లేదు.

స్టీరింగ్_సీటు
ప్రాణం ఆయనది కాబట్టి. బండి ఆగిన రోజులకు బత్తా ఇస్తున్నారా?

నల్లమల_ట్రాన్స్‌పోర్ట్
అది నాకూ ఆయనకూ మధ్య విషయం.

స్టీరింగ్_సీటు
ఇవ్వట్లేదన్నమాట.

రెంచి_బాబాయ్
బత్తా సంగతి మీరు మీరు చూసుకోండి. డ్రాప్ ఆర్మ్ విప్పేముందు షాఫ్ట్‌కూ ఆర్మ్‌కూ కలిపి ఉలితో గుర్తు పెట్టించండి, ఒక్క పన్ను తప్పినా స్టీరింగ్ ఒక పక్కకు ఉంటుంది. ఆర్మ్‌ను సుత్తితో కొట్టనివ్వకండి, పుల్లర్ పెట్టి లాగమనండి. పాత సీలు తీశాక పెదవి ఆనిన చోట షాఫ్ట్ మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తగులుకుంటే కొత్త సీలును ఆ గీత మీద కాకుండా కొంచెం జరిపి కూర్చోబెట్టాలి, లేదా షాఫ్ట్‌కు స్లీవ్ (గీత మీద తొడిగే పల్చటి ఇనుప తొడుగు) వేయించాలి. ఫిల్టర్ మార్చి, పాత ఆయిల్ మొత్తం దించేయండి. ముందు ఇరుసు జాకీ ఎత్తి, ఇంజన్ ఆపి ఉంచి, ఇటు చివర్నుంచి అటు చివరికి మెల్లగా తిప్పుతూ ట్యాంకులో పోయండి. నురగ రావడం ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి.

ఏటీఎఫ్_రాజు
ఏ ఆయిల్ పోయాలో మాన్యువల్ చూసి పోయండి. కనీసం ఈసారైనా.