లిథియం వేశాక ఇండక్షన్ పెడితే ఇన్వర్టర్ ట్రిప్ అవుతోంది

దారిదీపం: నా క్యాంపర్ వ్యాన్‌లో రెండు 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ బ్యాటరీలు తీసేసి 200 ఏహెచ్ లిథియం ఒకటి పెట్టాను. సోలార్ 300 వాట్లు, ఇన్వర్టర్ 2000 వాట్లు. ఇండక్షన్ 1800లో పెట్టగానే లో వోల్టేజ్ అని కూత. బ్యాటరీ 80 శాతం చూపిస్తోంది. ఇంకో ప్యానెల్ వేయాలా? ఇంజిన్ తిప్పే ఆల్టర్నేటర్‌తో చార్జింగ్ ఎలా? ఫ్రిజ్ కూడా రాత్రిపూట ఆగుతోంది.

రాగితీగ: ప్యానెల్‌కీ దీనికీ సంబంధమే లేదు. 1800 వాట్లంటే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 165 ఆంప్స్ దాకా లాగుతుంది. పాత 25 స్క్వేర్ ఎంఎం కేబులే ఉంచేశారా? రానూపోనూ 4 మీటర్లుంటే 0.46 వోల్టు దారిలోనే పోతుంది. 70 వేస్తే 0.17. బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) కట్ చేస్తే కూత రాదు, అంతా ఒక్కసారిగా చీకటే. కాబట్టి బ్యాటరీని తిట్టకండి.

ఎండపలక: ఆల్టర్నేటర్‌కి పాత స్ప్లిట్ రిలే (ఇంజిన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలను కలిపే స్విచ్) చాలు. డీసీ-డీసీ చార్జర్ (కరెంటును హద్దులో ఉంచి బ్యాటరీ నింపే పెట్టె) డబ్బు దండగ.

బస్‌బార్: ఈ సలహా విని ఎవరైనా ఆల్టర్నేటర్ కాల్చుకుంటే మీరు కొనిస్తారా? లిథియం ఎంతిస్తే అంత మింగుతుంది. బండి ఐడిల్‌లో ఉంటే ఆల్టర్నేటర్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది, గాలి చాలదు. 30 ఆంప్స్ డీసీ-డీసీ పెడితే బ్యాటరీకి అంతకు మించి వెళ్లదు.

ఎండపలక: పొడుగు కేబుల్ రెసిస్టెన్సే కరెంటును ఆపుతుంది. లెక్క వేసుకోండి.

బస్‌బార్: ఎంత ఆపుతుందో బ్యాటరీ చార్జిని బట్టి మారుతుంది, అదా మీ రెగ్యులేటర్? పైగా కొత్త బండ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ వోల్టేజ్ తగ్గించేస్తే, వోల్టేజ్ చూసి పనిచేసే రిలే మధ్యలోనే వదిలేస్తుంది.

ఎండపలక: నాది పాత బండి. మీ పాఠం మీ దగ్గరే ఉంచుకోండి.

వోల్టుమీటరు: మీ కుస్తీ తర్వాత పట్టండి. వందల బండ్ల వైరింగ్ చూసిన చెయ్యి ఇది, ముందు లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు కొన) చూడమంటాను. లగ్గు నేరుగా బ్యాటరీ పోల్ (టెర్మినల్) మీదే కూర్చోవాలి, వాషర్, నట్టు దాని పైన. స్టీల్ వాషర్ లగ్గు కింద పడితే కరెంటంతా దాని గుండానే పోవాలి. ఇండక్షన్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ ఒక ముల్లు పోల్ మీద, ఇంకోటి లగ్గు మీద పెట్టండి. 20 మిల్లీవోల్టులు దాటితే విప్పండి.

రాగితీగ: ఫ్యూజు మర్చిపోయారు అందరూ. లిథియం షార్టయితే వేల ఆంప్స్. బ్యాటరీ పక్కనే క్లాస్-టి రకం 250 ఆంప్స్ ఫ్యూజు ఉండాలి. ఆటో షాపు మెగా ఫ్యూజు ఆ కరెంటును తెంపలేకపోవచ్చు.

వోల్టుమీటరు: ఫ్రిజ్‌కి 2.5 స్క్వేర్ ఎంఎం వైరుంటే మార్చండి. 10 మీటర్ల రాకపోకలకి స్టార్టింగ్‌లో 10 ఆంప్స్ లాగితే 0.7 వోల్టు పోతుంది. 6 వేస్తే 0.3.

దారిదీపం: వాషర్ లగ్గు కిందే ఉంది. 180 మిల్లీవోల్టులు. పక్కన ఇన్సులేషన్ గోధుమ రంగుకి తిరిగింది.

రాగితీగ: ఆ లగ్గు పారేయండి. హైడ్రాలిక్ క్రింపర్‌తో (లగ్గును కేబుల్‌కి నొక్కి బిగించే పరికరం) కొత్తది వేయండి, సుత్తితో కాదు.

ఎండపలక: సుత్తికేమైందో?