బరువు తగ్గే శస్త్రచికిత్స తర్వాత మద్యం, గంజాయి: మా వారి విషయంలో సలహా కావాలి

ప్రశ్న (గుణుపురం నుండి ఒక గృహిణి)

అందరికీ నమస్కారం. మా వారికి నలభై మూడేళ్లు. విపరీతమైన బరువు, దానికి తోడు చక్కెర వ్యాధి ఉండటంతో పోయిన దీపావళి తర్వాత విశాఖపట్నంలో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నారు. బరువు బాగా తగ్గింది, చక్కెర మాత్రలు కూడా సగానికి వచ్చాయి. ఆపరేషన్‌కు ముందు శనివారం రాత్రి స్నేహితులతో కూర్చుని మూడు నాలుగు పెగ్గులు తీసుకునే అలవాటు ఉండేది. ఏడాదిపాటు ముట్టవద్దని ఆసుపత్రివారు చెప్పినందువల్ల మానుకున్నారు.

ఈ మధ్య మా ఆడపడుచు గారి అమ్మాయి పెళ్లిలో బంధువుల బలవంతం మీద ఒక్క పెగ్గు తీసుకున్నారు. పది నిమిషాలు గడవకముందే మాట తడబడింది, కాళ్లు నిలవలేదు. అప్పటినుండి వారానికి రెండుమూడు సార్లు ఒక్కో పెగ్గు తీసుకుంటున్నారు. "ఇదివరకు నాలుగు తాగేవాణ్ణి, ఇప్పుడు ఒక్కటే, తగ్గించినట్టే కదా" అంటున్నారు. మా మామగారికి కూడా అదే సబబుగా తోస్తోంది. ఊరి నుండి వచ్చేవాళ్లు జీలుగు కల్లు చెట్టు నుండి దిగినది కాబట్టి చలవే తప్ప చెరుపు లేదంటున్నారు. ఒక స్నేహితుడైతే మందు పడకపోతే గంజాయి మేలని, దానికీ కడుపుకూ సంబంధమే లేదని చెప్పాడట. ఈ మాటలలో నిజమెంత? నేను ఊరికే భయపడుతున్నానా?

మొదటి సమాధానం (విశ్రాంత స్టాఫ్ నర్సు, పర్లాకిమిడి)

అమ్మా, మీ భయం ఊరికే కాదు. "ఒక్కటే కదా" అనే లెక్క శస్త్రచికిత్సకు ముందున్న కడుపుకు చెల్లుతుంది, ఇప్పటి కడుపుకు చెల్లదు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన కోడిగుడ్డంత చిన్న సంచిని మాత్రమే ఉంచి, దానిని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మామూలు మనిషిలో మద్యం కొంతసేపు జీర్ణాశయంలో నిలిచి, అక్కడి ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము వల్ల కొద్దిగా విరిగి, ఆ తర్వాత నెమ్మదిగా పేగులోకి దిగుతుంది. మీ వారిలో ఆ నిలుపుదల లేదు. గొంతు దిగిన మద్యం నిమిషాలలో పేగుకు చేరి, అక్కడి నుండి ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. 2015లో బైపాస్ అయిన స్త్రీల మీద చేసిన ఒక అధ్యయనంలో, వారు రెండు పెగ్గులు తీసుకుంటే రక్తంలో మద్యం శాతం ఆపరేషన్ కాని స్త్రీలు నాలుగు పెగ్గులు తీసుకున్నంతగా పెరిగింది. కాబట్టి ఒకటి తాగి రెండింటి ఫలితం అనుభవిస్తున్నారు, అదీ పది నిమిషాలలోనే. ఇంత వేగంగా ఎక్కే నిషానే మనసు మళ్లీ మళ్లీ కోరుకుంటుంది. వారానికొక రోజుగా ఉన్నది రెండుమూడు రోజులకు పెరిగిందని మీరే రాశారు, దానిని తగ్గడమని ఎలా అనుకోగలం?

మన చట్టం ప్రకారం వాహనం నడిపేవారి రక్తంలో వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల మద్యం మించరాదు. బైపాస్ అయినవారు ఒక్క పెగ్గుతోనే ఆ హద్దు దాటగలరు. రాయగడ వైపు ఘాటు రోడ్డు మీద ఆయన మోటారు సైకిలు నడుపుతారేమో, ఆ రోజులలో తాళం మీ దగ్గరే పెట్టుకోండి.

చక్కెర విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. బైపాస్ తర్వాత కొందరికి భోజనమైన ఒకటి రెండు గంటలకు రక్తంలో చక్కెర అకస్మాత్తుగా పడిపోతుంది. అలా పడినప్పుడు కాలేయం కొత్తగా చక్కెరను తయారుచేసి ఆదుకోవాలి, కానీ మద్యం ఆ పనికే అడ్డు తగులుతుంది. పైగా ఆయన ఇంకా చక్కెర మాత్రలు వాడుతున్నారు. నోట మందు వాసన వస్తున్న మనిషి మగతగా పడి ఉంటే, తాగి పడుకున్నాడులే అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. అటువంటప్పుడు గ్లూకోమీటరుతో చూడకుండా నిద్రపోనివ్వకండి.

ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఆయనకు వాంతులేమైనా అవుతున్నాయా? విటమిన్ మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?

రెండవ సమాధానం (బరంపురం నివాసి, శస్త్రచికిత్స చేయించుకున్నవారు)

సోదరి గారికి నమస్కారం. నాకు జరిగినది స్లీవ్, అంటే జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసివేసి, అరటిపండు ఆకారంలో సన్నని గొట్టంగా మిగిల్చే ఆపరేషన్. ఆ తర్వాత నేను మద్యం జోలికి పోలేదు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజులలో మిత్రబృందం మధ్య కూర్చుని గ్లాసు పట్టకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు కనుక, మీ వారి మీద నాకు కోపం రావడం లేదు.

ఈ విషయంలో మన పెద్దలు తరచుగా ఒక మాట అంటుంటారు. తిండి యావ తీరక తాగుడుకు దిగాడని, మనసు అదుపులో లేనివాడికి ఏ ఆపరేషన్ చేస్తే ఏం లాభమని. ఈ మాటను నేను ఒప్పుకోను. అమెరికాలో పది ఆసుపత్రులలో ఈ శస్త్రచికిత్సలు చేయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించారు. 2012లో వెలువడిన లెక్కలలో మద్యం వల్ల సమస్య ఉన్నవారు ఆపరేషన్‌కు ముందు 7.6 శాతం, మొదటి ఏడాది చివర 7.3 శాతం, రెండవ ఏడాది చివర 9.6 శాతం. 2017లో అదే బృందం అయిదేళ్ల లెక్క చెప్పింది. బైపాస్ అయినవారిలో 20.8 శాతం మందికి కొత్తగా ఆ సమస్య లక్షణాలు కనిపించగా, జీర్ణాశయం చుట్టూ పట్టీ మాత్రమే బిగించినవారిలో అవి 11.3 శాతానికే కనిపించాయి. పట్టీ వేయించుకున్నవారికి కూడా తిండి తగ్గుతుంది, వారూ ఇష్టమైన భోజనాన్ని వదులుకున్నవారే. కేవలం తిండి యావే మద్యం వైపు మళ్లేదైతే రెండు గుంపులలోనూ ఒకేలా ఉండవలసింది. తేడా వచ్చిందంటే, మద్యం రక్తంలోకి వెళ్లే దారి మారడానికి అందులో పెద్ద పాత్ర ఉందని నేను అర్థం చేసుకున్నాను. ఈ సంగతిని మీ మామగారికి ఇలాగే వివరించి చూడండి. కొడుకు బలహీనుడని నమ్మిన తండ్రి తిడతాడు, కొడుకు శరీరం మారిందని తెలిసిన తండ్రి కాపలా కాస్తాడు.

ఆ లెక్కలలో రెండవ ఏడాదిని గమనించండి. మొదటి ఏడాది అందరూ భయభక్తులతో ఉంటారు. ఆ తర్వాత బట్టలు వదులవుతాయి, చుట్టాలు మెచ్చుకుంటారు, విశాఖకు పరీక్షలకు వెళ్లడం తగ్గుతుంది, ఒక్కటి తీసుకుంటే ఏమవుతుందిలే అనే ధైర్యం వస్తుంది. మీ వారికి ఆ ధైర్యం కాస్త ముందుగానే వచ్చింది. మగవారిలో, వయసు తక్కువవారిలో, పొగతాగేవారిలో, ముందునుండీ క్రమంగా మద్యం తీసుకునేవారిలో, ఇతర మత్తు పదార్థాలు వాడినవారిలో ఈ ముప్పు ఎక్కువని కూడా ఆ పరిశోధకులు గుర్తించారు. ఎప్పుడో ఏడాదికొకసారి తాగేవాడి సంగతి వేరు కావచ్చు. ప్రతి శనివారం కూర్చున్న మనిషి మాత్రం పూర్తిగా మానడమే నయమని నా అభిప్రాయం.

మూడవ సమాధానం (మందుల దుకాణం నడుపుతున్నవారు, రాయగడ)

నేను గంజాయి, కల్లు గురించే రాస్తాను, ఎందుకంటే మా కొండ ప్రాంతంలో వీటి గురించి చెలామణీ అయ్యే అపోహలు చాలా ఎక్కువ.

జీలుగు కల్లు తెల్లవారుజామున తియ్యగా ఉన్నంత మాత్రాన మద్యం కాకుండా పోదు, ఎండ ముదిరేకొద్దీ పులిసి నిషా పెరుగుతుంది. తీపిగా ఉన్న కల్లు అయితే బైపాస్ మనిషికి మరో ఇబ్బంది తెస్తుంది. చక్కెర నీరు ఒక్కసారిగా పేగులో పడటంతో గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి, దీనినే డంపింగ్ అంటారు. ఇప్పసారా సంగతి చెప్పనక్కరలేదు. ఏ బట్టీలో ఎంత ఘాటుగా దింపారో దింపినవాడికే తెలియదు, ఇక తాగేవాడు పెగ్గులు ఎలా లెక్కపెడతాడు?

గంజాయికీ కడుపుకూ సంబంధం లేదన్నది తప్పు. అది ఆకలిని, ముఖ్యంగా తీపి మీద కోరికను పెంచుతుంది, తగ్గిన బరువు మళ్లీ పెరగడానికి ఆ దారి చాలు. చాలాకాలం వాడినవారిలో కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి. బీడీలోనో సిగరెట్టులోనో పొగాకుతో కలిపి పీలిస్తే అంతకంటే ప్రమాదం, ఎందుకంటే సంచినీ పేగునూ కలిపిన అతుకు దగ్గర పుండు పడటానికి పొగతాగడం ముఖ్యకారణం. ఆ పుండుకు రెండవ ముఖ్యకారణం మా దుకాణాలలోనే దొరుకుతుంది. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను బైపాస్ అయినవారు డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వేసుకోకూడదు. ఒళ్లు నొప్పులని ఎవరైనా మాత్ర అడిగితే ముందు ఆపరేషన్ సంగతి విచారించి, పారాసెటమాల్ మాత్రమే ఇచ్చి పంపుతుంటాను. నిద్రమాత్రలు, ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మందు, కోడీన్ కలిసిన దగ్గుమందు మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరమని కూడా ఆ స్నేహితుడికి చెప్పండి.

మళ్లీ గుణుపురం నుండి

అందరికీ కృతజ్ఞతలు. నర్సమ్మగారు అడిగిన ప్రశ్న చదివాక చేతులు వణికాయి. మూడు వారాలుగా తిన్నది నిలవడం లేదు, రోజుకు రెండుసార్లు వాంతి అవుతోంది. విటమిన్ మాత్రలు వేసవిలోనే మానేశారు. మోకాలి నొప్పికి ఏదో మాత్ర వాడుతున్నారు, సిగరెట్టు కూడా మానలేదు. తాగని రోజు ఉదయం కూడా నడుస్తుంటే తూలుతున్నారు. నిన్న పేపరు చదువుతూ అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయన్నారు. రాత్రి తాగినది దిగలేదనుకున్నాం. నీరసమని మా వీధి డాక్టరుగారు సాయంత్రం గ్లూకోజు సీసా పెడతానన్నారు.

నర్సు గారి సమాధానం

అమ్మా, సాయంత్రం దాకా ఆగవద్దు, ఇప్పుడే బయలుదేరండి. తాగకపోయినా తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, వారాల తరబడి వాంతులు, ఈ మూడూ ఒకచోట కలిస్తే మొదట అనుమానించవలసినది థయమిన్ లోపం, అంటే బి1 విటమిన్ అడుగంటడం. మన శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. వాంతుల వల్ల లోపలికి పోవడం లేదు, మద్యం వల్ల పేగు దానిని సరిగా పీల్చుకోవడం లేదు. మెదడుకు అది అందకపోతే వెర్నికి ఎన్సెఫలోపతి అనే మెదడు జబ్బు వస్తుంది. సకాలంలో ఇంజెక్షన్ ఇస్తే నయమవుతుంది, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతింటుంది. చూడటానికి తాగినవాడి నడకలాగే ఉంటుంది కనుకనే ఇది ఇళ్లలోనూ, ఒక్కోసారి ఆసుపత్రులలోనూ ఎవరూ గుర్తించకుండా పోతుంది.

థయమిన్ లేకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే, ఉన్న కాస్త నిల్వ కూడా దానిని కరిగించడానికే ఖర్చయి పరిస్థితి విషమించవచ్చు. నిజంగానే చక్కెర పడిపోయి ఉంటే గ్లూకోజును ఆపకూడదు, అప్పుడు రెండూ కలిపి ఇవ్వాలి. అందుకే ముందు గ్లూకోమీటరుతో చూడండి. "బైపాస్ అయిన మనిషి, మూడు వారాలుగా వాంతులు, మద్యం తీసుకుంటున్నారు, థయమిన్ ఇవ్వవలసి ఉంటుందేమో చూడండి" అని వెళ్లగానే చెప్పండి. మాత్రలు ఈ దశలో చాలవు, నరం ద్వారానే ఇవ్వాలి. దగ్గరలోని పెద్దాసుపత్రిలో ఇంజెక్షన్ వేయించుకుని, ఆ తర్వాత విశాఖకు వెళ్లండి. డిశ్చార్జి కాగితాలు, ఆయన వాడుతున్న మాత్రలన్నీ, మోకాలి మాత్ర అట్టతో సహా, వెంట తీసుకెళ్లండి. ఆయన రోజూ ఎంత తాగుతున్నారో డాక్టరుకు నిజం చెప్పండి. రోజూ తాగే అలవాటు పడి ఉంటే హఠాత్తుగా ఆపినప్పుడు వణుకు, మూర్ఛ రావచ్చు, దానికి వాళ్లు ముందుగా సిద్ధపడాలి.

గుణుపురం గృహిణి, నాలుగు రోజుల తర్వాత

విశాఖ నుండి రాస్తున్నాను. దారిలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో థయమిన్ ఇచ్చారు, ఇక్కడ కూడా రోజుకు మూడుసార్లు ఇస్తున్నారు. చూపు కుదుటపడింది. నడక మాత్రం ఇంకా సరికాలేదు, దానికి వారాలు పట్టవచ్చునన్నారు. ఎండోస్కోపీలో అతుకు దగ్గర పుండు కనిపించింది. మోకాలి మాత్ర ఆపించారు, సిగరెట్టు గురించి మా వారితో గట్టిగా మాట్లాడారు. మద్యం సంగతికి మానసిక వైద్యులను పిలిపించారు. బరంపురం అన్నగారు రాసిన పట్టీ, బైపాస్ లెక్కను మామగారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత శనివారం మిత్రులు ఇంటికి వస్తే తానే మాట్లాడతానన్నారు.

ఇంటికి వచ్చాక మానసిక వైద్యం కోసం ప్రతిసారీ విశాఖకు రావడం మాకు కష్టం. గుణుపురంలో ఉండి సహాయం పొందే దారి ఉందా?

రాయగడ మందుల దుకాణం నుండి

ఉందమ్మా. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసమే 14446 అనే మరో ఉచిత నంబరు ఉంది. నేరుగా కలవాలంటే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటికి రాగానే విటమిన్ మాత్రలు మా దగ్గరే తీసుకోనక్కరలేదు, డాక్టరు రాసిన మోతాదులో గుణుపురంలోనే దొరుకుతాయి. అయితే నీటిలో కరిగేవో, నమిలేవో అడగండి, ఎందుకంటే నెమ్మదిగా కరిగేలా పూత వేసిన మాత్రలు బైపాస్ తర్వాత పూర్తిగా ఒంటికి పట్టవు.