ఖరీదైన క్లాసికల్ గిటార్ అమ్మకం: షాపుకి కమిషన్ ఇవ్వాలా, మనమే అమ్ముకోవాలా?

ఆరుతీగలు (ఎడిసన్, న్యూజెర్సీ):

క్లాసికల్ గిటార్ ఒకటి అమ్మాలి. స్పెయిన్‌లోని గ్రెనడాలో చేత్తో చేసింది, 2004 నాటిది. పైపలక స్ప్రూస్ కలప, వెనక భాగం, పక్కలు ఇండియన్ రోజ్‌వుడ్, ఫ్రెంచ్ పాలిష్, స్కేలు (తీగ మోగే పొడవు) 650 మి.మీ. లూథియర్ (గిటార్ చేసినాయన) పేరు ఇక్కడ పెట్టను, పెడితే అందరూ నా ప్రశ్న వదిలేసి ఆయన గురించే మాట్లాడతారు. నా చిటికెన వేలు ఆ సాగుడు తట్టుకోలేక 640 స్కేలుకి మారాను, రెండూ ఉంచుకునేంత స్తోమత లేదు. ఆయన దగ్గర కొత్తది ఇప్పుడు 11,000 డాలర్లు. షాపువాళ్లు చెప్పిందేమిటంటే, ఇప్పటికిప్పుడు కొనుక్కుంటే 4,500 ఇస్తారు, లేదా వాళ్ల దగ్గర పెట్టుకుని 7,500కి అమ్మి 20 శాతం ఉంచుకుని నాకు 6,000 ఇస్తారు. నేనే అమ్ముకుంటే 7,000 రాదా అని ఆశ. ఒక మాట ముందే చెప్తున్నా, బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క) కింద పైపలక మీద సన్నటి పగులు ఒకటి వచ్చింది, చలికాలం హీటర్ పుణ్యమా అని. అతికించి లోపలి నుంచి చిన్న చెక్కముక్కలు వేయించాను. షాపువాళ్లు అది చూశాకే ఆ రేటు చెప్పారు. ఏం చేయమంటారు?

డల్లాస్ బాబాయ్:

కళ్లు మూసుకుని షాపుకిచ్చెయ్యండి. కమిషన్ 15 నుంచి 25 శాతం మధ్య ఎక్కడైనా ఉండేదే, మీకు చెప్పింది అన్యాయమేం కాదు. 1,500 ఊరికే పోయిందని అనుకుంటున్నారు గానీ, ఏడు వేలు పెట్టేవాడు ఫోటో చూసి కొనడు కదా. నాలుగు గిటార్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకే ముక్కని అన్నిటి మీదా వాయించి, మొదటి తీగ తొమ్మిదో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దాటాక దేని గొంతు పూడుకుపోతోందో చూసుకుని మరీ కొంటాడు. పైగా ఇంటికి తెప్పించుకుని ఒకట్రెండు రోజులు చూసి నచ్చకపోతే వెనక్కి పంపే వీలు అడుగుతాడు. షాపులు ఇస్తాయి. మీరు ఇస్తారా? ఇచ్చి, వెనక్కి వచ్చినప్పుడు కొత్త గీత కనిపిస్తే ఎవరితో పోట్లాడతారు?

ఇక మోసాల సంగతి. మీరు అడిగినదానికంటే ఎక్కువకి చెక్కు పంపి, మిగతాది మా రవాణా మనిషికి పంపండి అంటాడు. మీరు పంపేస్తారు, ఆ తర్వాత తీరిగ్గా బ్యాంకు ఆ చెక్కు చెల్లలేదంటుంది. ఖరీదైన వస్తువు అమ్మకానికి పెట్టిన ప్రతివాడికీ ఈ మెసేజ్ వస్తుంది, కాచుకోండి.

నిషాదం:

బాబాయ్ గారూ, మీ మాటలో నిజం ఉంది గానీ మీరు ఒక వైపే చెప్తున్నారు. షాపులో పెట్టడమంటే అమ్మడం కాదు. అమ్ముడుపోయేదాకా పైసా రాదు, ఏడాది గోడకి వేలాడినా అడిగే దిక్కుండదు, ఆ తర్వాత "మార్కెట్ బాలేదు, 6,500 చేద్దాం" అంటారు. అప్పుడు ఈయన చేతికొచ్చేది 5,200.

పైగా అది ఫ్రెంచ్ పాలిష్. అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్కని పలచటి పూతలుగా రుద్దింది. శానిటైజర్ రాసుకున్న చేత్తో ఎవడో కుర్రాడు పట్టుకుంటే వేలిముద్రలు అలాగే దిగిపోతాయి, చొక్కా గుండీ తగిలినా మచ్చే. షాపులో రోజూ ఎంతమంది వాయిస్తారో! అక్కడ దెబ్బ తగిలితే ఎవరు భరిస్తారో కాగితం మీద రాసి ఇస్తేనే ఇవ్వండి, నోటి మాట నమ్మొద్దు.

ఎడిసన్‌లో ఉన్నారు కదా, అదే మీ బలం. అటు న్యూయార్క్, ఇటు ఫిలడెల్ఫియా, రెండు చోట్లా క్లాసికల్ గిటార్ సొసైటీలు ఉన్నాయి, చుట్టుపక్కల యూనివర్సిటీల్లో గిటార్ చెప్పే ప్రొఫెసర్లున్నారు. పైస్థాయి గిటార్ కోసం వెతికే విద్యార్థి ఎవరో వాళ్లకి తెలిసి ఉంటుంది. 6,500 చెప్పండి, కొనేవాణ్ణి గురువుగారితో సహా ఇంటికి రమ్మనండి, పూట మొత్తం వాయించుకోనివ్వండి. కొరియర్ లేదు, తిరిగి పంపడం లేదు, బ్యాంకుకి కలిసి వెళ్లి డబ్బు తీసుకుని అప్పుడు గిటార్ చేతికివ్వండి. షాపులో 6,000కి ఎదురుచూడటం కంటే ఇదే నయం.

చెక్కపని:

ఇద్దరూ రేటు గురించి కొట్టుకుంటున్నారు గానీ గిటార్ పరిస్థితి ఎవరూ అడగట్లేదు. నేను రిపేర్లు చేస్తాను కాబట్టి కొనేవాడి తరఫున అడుగుతున్నా. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు ఎంత? 4 మి.మీ. చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. దానితోపాటు బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్ ఎముక ఎంత పైకి కనిపిస్తోందో చెప్పండి. తీగలు ఎత్తుగా ఉండి, శాడిల్ మాత్రం అరగదీసి అరగదీసి చెక్కకి ఆనిపోయి ఉంటే, మెడ లేచిందని అర్థం. స్పానిష్ పద్ధతిలో మెడనీ పక్కలనీ కలిపే కడతారు, స్టీలు తీగల గిటార్‌లా మెడ ఊడదీసి సర్దడం కుదరదు, ఆ పని చాలా ఖరీదు. తెలిసిన కొనుగోలుదారు పగులు కంటే ముందు ఇదే చూస్తాడు.

పగులు దాచొద్దు. చిన్న అద్దం, టార్చి లోపల పెడితే ఆ చెక్కముక్కలు ఎలాగూ కనిపిస్తాయి. మీరే ఫోటో తీసి మొదటే పెట్టండి, రిపేరు బిల్లు ఉంటే అదీ చూపించండి. బాగా అతికిన పగులు వల్ల నాదం మారదు, ధర మాత్రం తగ్గుతుంది. న్యాయమా అంటే నాకు తెలీదు, మార్కెట్ అంతే.

ఇంకో విషయం, అమ్మే ముందు మెరిపిద్దామని మళ్లీ పాలిష్ చేయించొద్దు. చేతి అరుగుదల ఉన్న పాత పూతనే ఇష్టపడేవాళ్లుంటారు, కొత్త మెరుపు చూస్తే ఏదో కప్పిపుచ్చారని అనుమానం వస్తుంది. తీగలు మాత్రం కొనేవాడు రావడానికి వారం ముందే మార్చండి, నైలాన్ సాగి కుదురుకోవడానికి టైమ్ పడుతుంది, వాయిస్తుంటే శ్రుతి జారిపోతే గిటారే బాలేదనుకుంటారు.

కూకట్‌పల్లి కుర్రాడు:

అన్నా, నాదో డౌట్. హైదరాబాద్ తెచ్చి అమ్మితే? ఇక్కడ ఇలాంటివి దొరకవు కదా, రేటు ఎక్కువ పలకదా?

నిషాదం:

దొరకనంత మాత్రాన కొనేవాళ్లు ఉన్నట్టు కాదు తమ్ముడూ. అక్కడ నేర్చుకునేవాళ్లలో చాలామంది యమహా సీ40 లాంటి చవక గిటార్‌తో మొదలుపెట్టి దాంతోనే సరిపెట్టుకుంటారు. 7,000 అంటే దాదాపు ఆరు లక్షలు, పైన కస్టమ్స్ గొడవ. ఇక మే నెలలో ఏసీ గదిలోంచి హాల్లోకి తెస్తే చాలు, ఇంకో పగులు సిద్ధం.

కాగితాలపిచ్చి:

రోజ్‌వుడ్ ఇండియన్‌దే అని ఖాయమేనా? బ్రెజిలియన్ అయితే కథ వేరు. అది 1992 నుంచి సైటిస్ ఒప్పందంలో (అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, పర్మిట్లు లేకుండా దేశం దాటించి అమ్మడం కుదరదు. ఇండియన్ రోజ్‌వుడ్‌తో పూర్తిగా తయారైన వాయిద్యాలకి కూడా 2017 మొదట్లోంచి కాగితాలు అడిగారు, 2019 నవంబరు చివర్లో మినహాయింపు వచ్చింది. కెనడా నుంచో యూరప్ నుంచో ఎవరైనా అడిగితే "కలప ఏమిటి" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది, లూథియర్ ఇచ్చిన బిల్లు మీద కలప పేరు ఉందేమో చూసుకోండి. నట్ (మెడ చివర తీగలు ఆనే ముక్క), శాడిల్ ఎముకే కదా? న్యూజెర్సీలో ఏనుగుదంతం అమ్మకాన్ని 2014లో చట్టం చేసి నిషేధించారు. 2004 గిటార్‌కి దంతం వాడి ఉండరులెండి, కానీ అడిగితే చెప్పగలగాలి.

డల్లాస్ బాబాయ్:

చూశారా, ఇవన్నీ షాపువాడు చూసుకునే తలనొప్పులే.

నిషాదం:

దేశం లోపల అమ్మేదానికి ఇందులో ఏ తలనొప్పీ లేదు బాబాయ్ గారూ, భయపెట్టకండి.

పాతబంగారం:

కొత్తది 11,000 అయితే పాతది 7,000కి ఎందుకివ్వాలి? స్ప్రూస్ వయసొచ్చేకొద్దీ బాగా విచ్చుకుంటుంది. ఇరవై ఏళ్లు వాయించిన గిటార్‌కి ఎక్కువ రావాలి గానీ తక్కువేంటి? 9,000 చెప్పి కూర్చోండి, తొందరేముంది?

చెక్కపని:

వయొలిన్ లెక్కలు గిటార్‌కి పనిచేయవు. హౌజర్, ఫ్లెటా, ఫ్రీడ్రిష్ లాంటి దిగ్గజ లూథియర్ల పేర్లుంటే మీరు చెప్పింది నిజం, వాటిని కొనేవాళ్లలో సేకరించేవాళ్లూ ఉంటారు. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియా వాయించిన 1937 హౌజర్ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, ఆ లోకం వేరు. ఇంకా పనిచేస్తున్న లూథియర్ గిటార్‌కి పోటీ ఆయన కొత్త గిటారే. వెయిటింగ్ లిస్టు ఏళ్ల తరబడి ఉంటే పాతదానికి గిరాకీ, ఆరు నెలల్లో కొత్తది దొరుకుతుంటే పాతది తగ్గాల్సిందే. ఆరుతీగలు గారూ, ఆయన లిస్టు ఎంత ఉందో కనుక్కోండి, మీ 7,000 ఆశ దాని మీదే ఆధారపడి ఉంది. స్ప్రూస్ విచ్చుకోవడం నిజమే, దాన్ని చెవితో విని డబ్బిచ్చేవాడు ఎదురుగా ఉండాలి, ప్రకటనలో రాస్తే రూపాయి కూడా పెరగదు.

ఆరుతీగలు:

అందరికీ థాంక్స్. అడిగినవి చెప్తాను: ఆరో తీగ 4 మి.మీ.కి కాస్త తక్కువ, శాడిల్ ఇంకా బాగానే పైకి ఉంది. బిల్లు మీద ఇండియన్ రోజ్‌వుడ్ అనే ఉంది, నట్ ఎముక. లూథియర్‌కి రాస్తే రెండేళ్లు పడుతుందన్నారు.

షాపుకి 4,500కి అమ్మేసే ఆలోచన వదిలేశా. ముందు సొసైటీల ద్వారా 6,800కి పెట్టి, ఇంటికొచ్చి వాయించేవాళ్లకే చూపిస్తా. వేసవి దాకా పోకపోతే షాపుకి, దెబ్బ తగిలితే వాళ్లదే బాధ్యత అని రాయించుకుని. ఒక్కటి తేలలేదు: కొనేవాడు రెండ్రోజులు ఇంటికి తీసుకెళ్తానంటే?

నిషాదం:

పూర్తి డబ్బు మీ ఖాతాలో పడ్డాకే. నచ్చకపోతే తిరిగిచ్చేస్తారు, మీరూ డబ్బు తిరిగిచ్చేస్తారు. ఇచ్చే ముందు ఇద్దరూ కలిసి అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి.

డల్లాస్ బాబాయ్:

నేనైతే ఇవ్వను. మీ ఇంట్లో తేమ 45-50 శాతంలో పెట్టి కాపాడుకుంటున్నారు, వాళ్లింట్లో జనవరిలో ఎంతుందో మీకేం తెలుసు? వేసవిలో అయితే ఆలోచిస్తా.

చెక్కపని:

పెట్టెలో ఒక హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) పడేసి ఇవ్వండి, ఇరవై డాలర్లు ఉండదు. కనిష్ఠం గుర్తుపెట్టుకునే రకం తీసుకోండి.