నిప్పు తాకగ పెదవులు నిమ్మళించె

సమస్య

ప్రభువునందు అందరికీ వందనాలు. ఈసారి తేటగీతి అనే ఛందస్సులో పద్యం చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

నిప్పు తాకగ పెదవులు నిమ్మళించె

నిప్పు తగిలితే పెదవులు కాలాలి, బొబ్బలెక్కాలి. నిమ్మళించడమేమిటి? ముడి అక్కడే ఉంది. బైబిల్ ఆధారంగా విప్పండి. దేవుని ఎదుట నోటిని కాచుకోవడం అనే విషయం దాటి పోవద్దు. "తక్కువ మాట్లాడండి" అనే నీతితో మాత్రం సరిపెట్టవద్దని మనవి. 141వ కీర్తనలో దావీదు తన నోటికి తానే కాపలా ఉంటానని అనలేదు, కావలి పెట్టమని యెహోవాను వేడుకున్నాడు. ఆ వేడుకోలు పద్యంలో వినబడితే సంతోషిస్తాను.

ఒకటో పూరణ

మైల పెదవుల వాడను మడిసి పోతి
ననుచు యెషయా వణకుచుండ నపుడు దూత
వేదిపై నున్న కణికను వెలికి తీయ
నిప్పు తాకగ పెదవులు నిమ్మళించె.

విమర్శ: ఈ పాదం వినగానే ఎక్కువమందికి యెషయా 6వ అధ్యాయమే తడుతుంది. అయినా "మైల పెదవుల వాడను" అన్న ఎత్తుగడతో పద్యం నిలబడింది. మై–మ యతి (పాదంలో నియమిత చోట్ల ఉండే అక్షరాల పొందిక) చక్కగా కుదిరింది. రెండో పాదంలో "అపుడు" యతి కోసమే వచ్చినట్టుంది, అది పెద్ద దోషం కాదు. వచ్చినవాడు సెరాపు (దేవుని సింహాసనం దగ్గర ఉండే ఆరు రెక్కల పరలోక జీవి), "దూత" అంటే సరిపోతుంది.

నాకు నచ్చింది పద్యం ఎంచుకున్న క్షణం. 5వ అధ్యాయంలో యెషయా ఆరుసార్లు ఇతరులకు శ్రమ అని ప్రకటించాడు. సింహాసనం మీద ప్రభువును చూసేసరికి తన సంగతే గుర్తొచ్చింది, అందులోనూ పెదవుల సంగతి. ప్రవక్తకు నోరే పనిముట్టు కదా, మైల అక్కడే ఉందని ఒప్పుకున్నాడు. నిప్పు తగిలాక ఆయన మూగబోలేదు. "నేను ఉన్నాను, నన్ను పంపు" అన్నాడు. కడిగిన నోటితో పలికిన మొదటి మాట అది.

రెండో పూరణ

చిన్న రవ్వయె యడవిని దగుల బెట్టు
నాలు కొక్కటె యిల్లెల్ల నాశపఱచు;
దేవ దీనిని నీ చేత దిద్దు మనగ
నిప్పు తాకగ పెదవులు నిమ్మళించె.

విమర్శ: యాకోబు పత్రిక 3వ అధ్యాయాన్ని బాగా పట్టుకున్నారు సహోదరీ. రెండు చోట్ల ఆగాను. మొదటిది చిన్నదే. తేటగీతిలో పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికీ యతి కుదరాలి, ఇక్కడ చి–ద కుదరలేదు. "జెఱచు నట్లు" అంటే సరిపోతుంది.

రెండోది భావానికి సంబంధించింది. మీ మొదటి పాదంలో నిప్పు చెడ్డది, అడవిని కాల్చేది. నాలుగో పాదానికి వచ్చేసరికి అదే నిప్పు మేలు చేస్తోంది. ఎలా మారిందో చదివేవాళ్లకు తెలియదు. యాకోబు చెప్పిన నిప్పు నాలుక నుంచి పుట్టి బయటికి పాకుతుంది. యెషయాకు తగిలిన నిప్పు దేవుని దగ్గర నుంచి వచ్చి నోటిని ముట్టుకుంటుంది. ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెడితే సమస్య దానంతటదే విడిపోతుంది. నా సవరణ చూడండి:

చిన్న రవ్వయె యడవిని జెఱచు నట్లు
నాలు కొక్కటె యిల్లెల్ల నాశపఱచు;
దాని నార్పగ దేవుని దయయె యైన
నిప్పు తాకగ పెదవులు నిమ్మళించె.

ఏ నరుడూ నాలుకను సాధు చేయలేడని యాకోబు తేల్చి చెప్పేశాడు. అందుకే మూడో పాదంలో దేవుని దయ రాక తప్పదు.

మూడో పూరణ

మంట చెంతను ముమ్మారు మాట తప్పి
కోడి కూతకు కుమిలిన గొంతు మరల
ప్రేమ నొడ్డున ముమ్మారు వెల్లడింప
నిప్పు తాకగ పెదవులు నిమ్మళించె.

విమర్శ: పేతురు పేరు ఎత్తకుండానే పేతురును చూపించారు! ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకుంటూ యేసును ఎరగనన్నాడు. తిబెరియ సముద్రపు ఒడ్డున, నిప్పుల మీద చేపలు ఉన్న చోట, యేసు మూడుసార్లు అడిగితే ప్రేమిస్తున్నానన్నాడు. రెండుచోట్లా నిప్పు ఉందని యోహాను సువార్త చదివినప్పుడు ఎంతమందిమి గమనించాం? "ముమ్మారు" రెండుసార్లు రావడం కావాలని చేసిందే, దాన్ని మార్చవద్దు.

మరో సభ్యుడు: పద్యం బాగుంది అన్నయ్యా, కానీ ఒడ్డున నిప్పు పేతురు పెదవులకు తగల్లేదు కదా. సమస్యలో "తాకగ" అని స్పష్టంగా ఉంది.

పూరణ రాసినవారు: సెగ తాకిందనే నా ఉద్దేశం. పైగా మూడోసారి అడిగినప్పుడు పేతురు వ్యసనపడ్డాడని, అంటే దుఃఖపడ్డాడని రాసి ఉంది. ప్రభువు ప్రశ్నే ఆయనకు నిప్పులా తగిలింది. బొంకిన నోటితోనే ఒప్పించడం ఎంత దయ!

విమర్శ: ఆ అర్థాన్ని నేను ఒప్పుకుంటాను.

నాలుగో పూరణ

వేలి కొనలందు నిలిచిన వేడి మాట
పంప బోవగ వాక్యము పట్టి యాపె;
నోటి కావలి నీవని నొచ్చి వేడ
నిప్పు తాకగ పెదవులు నిమ్మళించె.

విమర్శ: మెసేజ్ మీద తేటగీతి వస్తుందని అనుకోలేదు. నా మాట అగ్ని వంటిది కాదా అని యిర్మీయా 23వ అధ్యాయంలో యెహోవా అడుగుతాడు, కాబట్టి వాక్యమే నిప్పు అనడానికి ఆధారం గట్టిగానే ఉంది. వేళ్లతో మొదలుపెట్టి పెదవుల దగ్గర ముగించారేమిటని ఎవరైనా అడగవచ్చు. నేనైతే అడగను. పలికిన వ్యర్థమైన ప్రతి మాటకూ లెక్క చెప్పాలని ప్రభువు అన్నప్పుడు, టైప్ చేసిన మాట ఆ లెక్కలోంచి తప్పించుకోదు. ఒక్క సందేహం, "నొచ్చి" ఎందుకు? కోపంలో ఉన్నవాడు కదా.

పూరణ రాసినవారు: అవతలివాళ్లు నన్ను అన్న మాట నిజంగానే నొప్పించింది. ఆ నొప్పి లేనట్టు రాస్తే ప్రార్థన అబద్ధమవుతుంది. పంపకుండా తుడిచేశాను, మర్నాడు ఫోన్ చేసి నెమ్మదిగా మాట్లాడాను. మా మధ్య లెక్క ఇంకా తేలలేదు గానీ మాటలైతే సాగుతున్నాయి.

విమర్శ: అయితే "నొచ్చి" అలాగే ఉంచండి.